ఇద్దరు ఉమ్ రజబ్‌లు

తహానీ అంటే నాకు కుళ్లు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరేదో కనిపెట్టినట్టు మొహాలు పెట్టకండి. మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చిన నర్సు కాబట్టి కుళ్లనుకునేరు. అది తర్వాతి సంగతి. ఆమె ఏ తప్పూ చేయకముందు నుంచే, ఇంకా చెప్పాలంటే ఏ తప్పూ చేయదేమోనన్న బాధతోనే, ఆమెను చూస్తే నాకు ఒళ్లు మండేది.

అమ్మకి పిత్తాశయంలో రాళ్లన్నారు. ఆపరేషనుకి మా ఊరి పెద్దాసుపత్రిలో చేర్చాం. చేర్చాం అంటే, చేర్చింది నా తమ్ముడు రజబ్. కిటికీ దగ్గర గుమాస్తా పేరడిగాడు. వెనక వరసలో మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఈజిప్టులో మా సయీదు ప్రాంతంలో నలుగురు మగవాళ్ల ముందు తల్లి పేరు పలకడం కంటే ఒంటి మీది గలాబియా విప్పి ఇచ్చేయడం నయమనుకుంటారు. మావాడు గొంతు తగ్గించి, "రాసుకో, ఉమ్ రజబ్," అన్నాడు. రజబ్ తల్లి అని. గుమాస్తా కూడా ఈ మట్టిలో పుట్టినవాడే. మారు మాట్లాడకుండా రాసుకున్నాడు. లోపల ఒక ఆయా అమ్మని చాటుగా అడిగి, బహియా అనే అసలు పేరు నీలం సిరాతో పట్టీ మీద రాసి మణికట్టుకి చుట్టింది.

ఉమ్ రజబ్. ఆ పేరంటే నాకిప్పటికీ కిట్టదు. రజబ్ నా తర్వాతివాడు. ఇంట్లో మొదట పుట్టింది నేను. నేను పుట్టగానే అమ్మ ఉమ్ ఇన్సాఫ్ అయింది, వీధి వీధంతా అలాగే పిలిచేది, నాకు బాగా గుర్తు. కూరలమ్మే మనిషి "ఉమ్ ఇన్సాఫ్, బెండకాయలు లేతవి!" అని కేకేస్తే నన్నే పిలిచినంత గొప్పగా ఉండేది. రజబ్ పుట్టిన రోజు మంత్రసాని గుమ్మంలోకి వచ్చి "ఉమ్ రజబ్‌కి కొడుకు!" అని అరిచింది. ఆ సాయంత్రానికి వీధిలో ఉమ్ ఇన్సాఫ్ అనే మనిషే లేదు. కొడుకు పుట్టాక ఎవరి ఇంట్లోనైనా జరిగేదే కదా అంటారు. అంటే అనండి. వాళ్లెవరూ కూరలమ్మే మనిషి కేక కోసం గుమ్మంలో నిలబడినవాళ్లు కాదు.

తహానీ అమ్మ వార్డు నర్సు. నాకంటే కొంచెం చిన్నది, కొంచెం లావు, నవ్వితే ఒక పక్క పన్ను లేదు. ఆ లోటు కూడా ఆమెకి అందమే. వార్డులో ముసలమ్మలందరి కొడుకుల పేర్లూ ఆమె నాలుక మీదే ఉంటాయి. ఉమ్ ఫౌజీ, ఉమ్ జాబిర్, ఉమ్ రజబ్ అంటూ మంచం మంచానికీ పలకరించుకుంటూ వస్తుంటే, పొద్దున్నుంచి మూలుగుతున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. నేను ఇంటి దగ్గర్నుంచి సూపు మోసుకొచ్చేసరికి అమ్మ పాదాలు ఆమె ఒళ్లో ఉండేవి.

నేను తల దువ్వితే "చిక్కు లాగావు, చర్మం ఊడొచ్చింది," అనే మనిషి మా అమ్మ. తహానీ దువ్వుతుంటే కళ్లు మూసుకుని పిల్లిలా గుర్రుమనేది. నేను చేసిన సూపుని ఆమె చెంచాతో తాగిస్తే మారు అడిగేది. మొదటి రోజే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని బాతుల కథ చెప్పింది. ఆ కథ వినని మనిషి మా ఊళ్లో లేడు. రజబ్ పెళ్లినాడు కొత్త దంపతుల గదిలోకి పంపాల్సిన బాతులు బొగ్గులా మాడిపోయాయి. మాడ్చింది నేనని అమ్మ అంటుంది. కాదు, నేను పెళ్లికూతురికి గోరింట పెడుతూ లోపలి గదిలో ఉన్నాను, పొయ్యి నువ్వు చూసుకోమని అమ్మకి చెప్పే వెళ్లాను. చెప్పలేదంటుంది. చెప్పాను. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో, చావుల్లో, పక్కింటి గోడ మీద, రైల్లో ఎదురు సీటు వాళ్ల ముందు అదే కథ. "దీన్ని నమ్మి పొయ్యి మీద ఏదీ పెట్టకు తల్లీ," అని తహానీకి కూడా ముగింపు చెప్పింది.

తహానీ నవ్వింది. నవ్వి, నా గిన్నె మూత తీసి వాసన చూసి, ఈ పావురం సూపు చేసిన చేతులు బాతుల్ని మాడ్చాయంటే నేన్నమ్మనమ్మా అంది. నన్ను వెనకేసుకొచ్చింది. అది ఇంకా మండింది. నా తల్లి దగ్గర నాకు వకాల్తా పట్టడానికి ఈమె ఎవరు?

ఇంటికి పోయి కుట్టుమిషను ముందు కూర్చున్నా ఆమె నవ్వే కళ్లముందు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి, ఆ మిషను మీదే బతుకుతూ, అమ్మ మందూ మాకూ చూసింది నేను. రజబ్ వారానికోసారి అరటిపళ్లు తెచ్చి మంచం అంచున కూర్చుంటే "నా కొడుకు వచ్చాడు," అని వీధి చివరిదాకా వినిపించేది. వాడి సంగతికి అలవాటుపడ్డాను. కొడుకు కదా. కానీ దారిన పోయే నర్సు వచ్చి ఇన్నాళ్ల నా చాకిరీని రెండు పూటల్లో దాటేస్తే ఎలా ఊరుకుంటాను? ఒక్క తప్పు చేయించు దేవుడా, అని ప్రార్థన చాప మీద అడిగిన మాట నిజం. ఎంత తప్పో చెప్పలేదు. చెప్పాల్సింది.

ఆ రోజు మధ్యాహ్నం నేను సూపుకి ఇంటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి చుట్టాలు వచ్చే వేళ, వార్డు నిండా జనం. అవతలి వరసలో కొత్తగా ఒకామె చేరింది, చక్కెర జబ్బుతో కాలి పుండు ముదిరి వచ్చింది. ఆమె మంచం చుట్టూ తలపాగాలతో నలుగురు కొడుకులు గోడ కట్టినట్టు నిలబడ్డారు. నేను వాళ్లను తప్పించుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ మొహమంతా చెమట. గుడ్డతో తుడిస్తే మళ్లీ పట్టింది. చేతులు చల్లగా ఉన్నాయి. నన్ను చూసి చచ్చిపోయిన మా పెద్దమ్మ పేరు పెట్టి పిలిచి, మేక తాడు తెంపుకుందే, పట్టుకో అంది. తర్వాత కళ్లు తేలేసింది.

నేను అరిచిన అరుపుకి తహానీ పరుగెత్తుకొచ్చింది, వెనకాలే వార్డు డాక్టర్ షౌకీ. తహానీ అమ్మ వేలు పొడిచి రక్తపు బొట్టు చూసింది. ఆ చిన్న మిషను మీద అంకె చూడగానే ఆమె మొహం ఎలా మారిందో నేను చూశాను. మందు తెప్పించి తనే సెలైన్‌లో ఎక్కించింది. ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. అమ్మ కాలి బొటనవేలు పట్టుకుని నాకొచ్చిన ప్రతి ఖురాన్ సూరా చదివాను. చివరికి అమ్మ కళ్లు తెరిచి, ఏంటే ఈ జనం, ఎవరు పోయారు, అంది.

ఈలోగా రజబ్ వచ్చి ఏడుస్తున్నాడు. డాక్టర్ షౌకీ కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఆపరేషను నీరసం, ముసలి ప్రాణం, ఒక్కోసారి ఇలా అవుతుంది, దేవుడు రాసిపెట్టింది, దేవుడే తప్పించాడు అన్నాడు. "మాలేష్, మాలేష్," అని రజబ్ భుజం తట్టాడు. రజబ్ అల్‌హమ్దులిల్లా, అంతా దేవుడి దయ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ అన్నారు. నేనూ అన్నాను.

మా దేశంలో నైలు తర్వాత అంతగా పారేది మాలేష్ అనే మాటే. కాలు తొక్కినవాడు మాలేష్ అంటాడు, తొక్కించుకున్నవాడూ అదే అంటాడు. క్షమించమన్నా అదే, పోనీలే అన్నా అదే, ఇంక నోరు మూసుకో అన్నా అదే. డాక్టరు అన్నది ఎన్నోదో అప్పుడు నాకు తట్టలేదు.

అందరూ కదలబోతుంటే తహానీ మంచం పక్కనుంచి కదల్లేదు.

"నీరసం కాదు డాక్టర్‌గారూ. ఇన్సులిన్. నేనే ఇచ్చాను. అవతలి మంచం ఆవిడకి ఇవ్వాల్సింది ఈవిడకి ఇచ్చాను. తప్పు నాది."

డాక్టర్ షౌకీ ఆమె వైపు చూసిన చూపులో కోపం కంటే, ఎందుకమ్మా అన్న విసుగే ఎక్కువ ఉంది. తహానీ ఆగలేదు. అవతలి ఆవిడని కూడా ఉమ్ రజబ్ అంటారని తనకి తెలీదంది. ఉమ్ రజబ్‌కి సూది వేయమని మాట అందగానే, తనకి తెలిసిన ఉమ్ రజబ్ ఒక్కరే కాబట్టి నేరుగా ఇటే వచ్చిందట. ఆపరేషను తర్వాత కొందరికి చక్కెర పెరుగుతుంది, అదే అనుకుందట. చేతి పట్టీ తిప్పి చూస్తే సిరా లేదు. అయిదు పూటలా నమాజుకి వజూ చేసి చేసి అమ్మ నీలం అక్షరాలన్నీ కడిగేసుకుంది. అప్పుడైనా పేరు అడగాల్సింది. ఎదురుగా పరాయి మగవాళ్లు నిలబడి ఉన్నారు, పెద్దావిడని వాళ్ల ముందు పేరెలా చెప్పమంటామని మొహమాటపడి "ఉమ్ రజబ్, నువ్వేగా?" అని అడిగింది. అమ్మ మగత నిద్రలోనే "నేనే తల్లీ," అని చెయ్యి చాపింది.

నాకెంత సంతోషం కలిగిందో చెబితే నన్ను మనిషి కింద లెక్కకట్టరు. అమ్మ బతికింది, తహానీ దొరికింది. ఒకే రోజు రెండు వరాలు. ఇప్పుడు చూడు, పాదాలు ఎవరి ఒళ్లో పెడతావో, అనుకుని అమ్మ వైపు తిరిగాను.

అమ్మ చెయ్యి చాపి తహానీ తల దగ్గరికి లాక్కుంది. "పోనీలే తల్లీ, ఏడవకు. మాలేష్," అంది.

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. ప్రాణం తీయబోయినదానికి మాలేష్! అంత తేలిగ్గా, అడక్కుండానే! ఏ బాతుల్నీ మాడ్చని నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి ఆ మాట రాలేదు. దాన్ని దాచిపెట్టి, దాచిపెట్టి, దారిన పోయేదాని తల మీద పోసింది. నేను సూపు గిన్నె అక్కడే పెట్టేసి వరండాలోకి పోయి గోడకి ఆనుకుని ఏడ్చాను. అమ్మ బతికినందుకే ఏడుస్తున్నానని ఎవరో నాకు నీళ్లిచ్చారు.

తలుపు దగ్గరికి తిరిగొచ్చేసరికి తహానీ మాట వినిపించింది, పెద్దవాళ్లని మర్యాదగా పిలిచినట్టు అమ్మని హజ్జా అంటూ. "మాలేష్ అనకు హజ్జా. అనాలనుంటే తర్వాత అను. ముందు ఎలా జరిగిందో అడుగు. అడక్కపోతే ఇంకో ఉమ్ ఎవరికో మళ్లీ జరుగుతుంది."

అబ్బో, అనుకున్నాను. తప్పు చేయడంలో కూడా మనకంటే ఒక మెట్టు పైనే ఉండాలి మహాతల్లికి.

ఆ వారంలోనే ఆసుపత్రి డైరెక్టరు మమ్మల్ని తన గదికి పిలిచాడు. అంతకుముందే రజబ్‌తో విడిగా టీ తాగి మాట్లాడినట్టున్నాడు, ఆసుపత్రి తలుపులు విరగ్గొడతానన్న మావాడు బూరుగు దూదిలా మెత్తబడి వచ్చాడు. కబురు నాకూ చేరింది. కుటుంబం దేవుడి నిర్ణయమని అంటే సంగతి అక్కడితో సరి. కుటుంబం ఫిర్యాదు చేస్తే తహానీని ఎడారి అంచున ఏదో ఒక మందుల గుడిసెకి పంపేస్తారు, ఇంక ఈ ఊరి మొహం చూడదు. రజబ్ ఎటూ నోరెత్తడు. అమ్మ మాలేష్ అనేసింది. మిగిలింది నేను. తహానీ ఉంటుందో పోతుందో నా నాలుక చివర ఉంది. కుట్టుమిషను ముందు కూర్చుని ఆ మాటలు ఎన్నిసార్లు చెప్పుకున్నానో, ఒక గలాబియాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాను.

గదిలో డైరెక్టరు, డాక్టర్ షౌకీ, గోడ పక్కన నిలబడి తహానీ. అమ్మని చక్రాల కుర్చీలో తెచ్చారు. నల్ల ముసుగు సర్దుకుని, పెళ్లిపెద్దలా కూర్చుంది. అందరికీ చిన్న గ్లాసుల్లో టీ వచ్చింది, తహానీకి తప్ప.

డైరెక్టరు తియ్యగా మొదలుపెట్టాడు. మనమంతా ఒక్కటే, హజ్జా క్షేమంగా ఉంది, ఇంత పెద్ద ఆసుపత్రిలో ఎక్కడో ఒకటి జరుగుతూ ఉంటుంది, ఆ అమ్మాయి కూడా కంగారులో ఏదేదో మాట్లాడింది, మాలేష్ అనుకుని లేచిపోదాం అన్నాడు. రజబ్ తలూపాడు. డాక్టర్ షౌకీ కిటికీలోంచి ఖర్జూర చెట్టుని చూస్తున్నాడు. మాట అందింది అని తహానీ అంది కదా, ఎవరి నోటినుంచి అందిందో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె మాత్రం ఆ పేరు ఎత్తలేదు. తన వాటా మాత్రమే మళ్లీ చెప్పింది. కంగారులో మాట్లాడలేదు, ఇప్పుడూ అదే చెబుతున్నాను అంది.

అప్పుడు అమ్మ గ్లాసు కింద పెట్టింది.

"నన్నెవరూ అడగలేదే," అంది. "ఆ పిల్ల ఉమ్ రజబ్ నువ్వేనా అంది. నేనే అన్నాను. ఊళ్లో రజబ్‌లు ఒక్కడా ఇద్దరా? కళ్లు తెరిచి దేనికి తల్లీ ఈ సూది అని అడగలేదు. పట్టీ మీద పేరు కడుక్కున్నదీ నేనే. అందులో నా తప్పూ ఉంది."

నేను కుర్చీలో ముందుకి వంగాను. నా చెవుల్ని నేను నమ్మలేదు. నా తప్పు. మా అమ్మ నోట. నేను పుట్టినప్పటి నుంచి ఆ నోటినుంచి ఆ మాట రాలేదు. ఉప్పెక్కువైతే ఉప్పు మారిపోయింది, కుండ పగిలితే కుమ్మరి వెధవ, తలుపు తెరిచి వదిలితే గాలి. ఈ నర్సు రెండు పూటలు కాళ్లు పిసికి, ఒక పూట తన తప్పు ఒప్పుకుని, మా అమ్మకి ఆ మాట నేర్పేసింది. నాకు సాధ్యం కానిది ఆమెకి సాధ్యమైంది. మండిపోయాను.

తహానీ మోకాళ్ల మీద కూర్చుని, అయితే మీ ఇద్దరు ఉమ్ రజబ్‌లలో ఎవర్ని ఏమని పిలవను హజ్జా, అని అడిగింది.

"నన్ను ఉమ్ ఇన్సాఫ్ అను," అంది అమ్మ, టీలో పంచదార తక్కువైందన్నంత మామూలుగా. "మొదట్లో నా పేరు అదే."

ఎవరూ నా వైపు చూడలేదు. రజబ్ కూడా గమనించలేదు. నేను ముసుగు కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎన్నేళ్లు ఎదురుచూశాను ఆ పేరు కోసం! వచ్చింది. వచ్చి తహానీ చేతిలో పడింది. రేపటి నుంచి ఆ పన్ను లేని నోరు నా పేరుతో మా అమ్మని పిలుస్తుంది.

డాక్టర్ షౌకీ ఖర్జూర చెట్టు వైపే చూస్తూ, "ఉమ్ రజబ్‌కి ఇవ్వమని చెప్పింది నేనే," అన్నాడు. గొంతు సరిచేసుకుని, "పేరు చెప్పాల్సింది," అన్నాడు. డైరెక్టరు ఆయన వైపు ఎంత కోపంగా చూశాడంటే, తహానీ మీద కూడా అంత కోపం చూపించలేదు. ఇదంతా ఇక్కడితో ఆపాలని గబగబా నా వైపు తిరిగాడు.

"మీరేమంటారమ్మా? మీకేం కావాలి?"

మిషను ముందు చెప్పుకున్న మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. తహానీ నన్నే చూస్తోంది. బతిమాలే చూపు కాదు. ఏది పడినా మోస్తానన్న చూపు. ఆ చూపు కూడా నాకు నచ్చలేదు. నేను గది మొత్తం ఒకసారి చూశాను. తియ్యటి డైరెక్టరు, కిటికీ డాక్టరు, తలూపే నా తమ్ముడు.

"నాకీమె మొహం చూడ్డం ఇష్టం లేదు," అన్నాను. "అమ్మ కాళ్లు పట్టుకుంటే ఇష్టం లేదు, తల దువ్వితే ఇష్టం లేదు. కానీ ఈమెని పంపించేస్తే ఇక్కడ మిగిలేది మీరు. మీ చేతుల్లో మా అమ్మని వదిలి నేను సూపుకి ఇంటికెలా వెళ్లను? ఈమె చెప్పకపోతే మా అమ్మకి వచ్చింది నీరసమని నేను చచ్చేదాకా నమ్మేదాన్ని. ఉంచండి. ఉంచి, ఎలా జరిగిందో అందర్నీ అడగండి. మాలేష్ అన్నవాణ్ణి మాత్రం బయటికి పంపండి."

రజబ్ "అక్కా," అని నా చెయ్యి గిల్లాడు. నేను వాడి చెయ్యి తిరిగి గిల్లాను.

తహానీ వార్డులోనే ఉంది. మందలింపు తగిలింది, పెద్ద నర్సు అవుతుందనుకున్నది ఆగిపోయింది. ఆమె దానికి ఏడవలేదు. పనిలో మాత్రం ఒక మార్పు తెచ్చింది. సూదో మాత్రో ఇచ్చే ముందు ముసలమ్మ నోటి దగ్గర చెవి పెడుతుంది. ఆవిడ తన అసలు పేరు, తండ్రి పేరు గుసగుసగా చెప్పాలి. మగవాళ్లకి వినపడదు, ఎవరి పరువూ పోదు. మొదట్లో ముసలమ్మలు సిగ్గుపడి నవ్వారు. తర్వాత అదొక వేడుకైంది. పెళ్లయ్యాక ఎవరూ పిలవని పేర్లు, ఎవరో తమవి తమకి తిరిగిచ్చినట్టు చెప్పుకునేవాళ్లు. డాక్టర్ షౌకీ కూడా ఇప్పుడు మంచం దగ్గరికి వచ్చి, చెవి వంచడం చేతకాక, తహానీని పిలిచి చెప్పమంటాడు.

అందరికీ బాగానే ఉంది. నాకే కొత్త మంట. రోజుకి ఎన్నిసార్లు మందు ఉంటే అన్నిసార్లు మా అమ్మ పెదవులు ఆమె చెవికి ఆనేవి. పేరు చెప్పడానికి అంతసేపు పడుతుందా? పేరు తర్వాత ఇంకేదో చెప్పేది, ఇద్దరూ నవ్వేవారు. నా చెవిలో మా అమ్మ ఎప్పుడేం చెప్పింది? నాకు చెప్పినవన్నీ వీధి చివరిదాకా వినపడేలా చెప్పినవే.

ఇంటికి పంపించే రోజు పొద్దున్న నేను బట్టలు మూట కడుతున్నాను. తహానీ చివరి మాత్ర ఇవ్వడానికి వచ్చింది. "ఉమ్ ఇన్సాఫ్," అంది, చెవి వంచింది. అమ్మ పేరు చెప్పింది. తర్వాత ఇంకేదో చెప్పింది, చాలాసేపు. తహానీ ఈసారి నవ్వలేదు. నా వైపు చూసి, అమ్మ వైపు తిరిగి, "ఇది నాకు చెప్పాల్సింది కాదు హజ్జా," అంది. మాత్ర ఇచ్చి, అవతలి ఉమ్ రజబ్ దగ్గరికి వెళ్లిపోయింది.

నేను ముడి బిగిస్తూ ఉండిపోయాను. అడగను. చస్తే అడగను.

"ఏమే," అంది అమ్మ. "ఇలా రా."

"నాకు పనుంది."

"రావే. చెవి ఇటు తే."

వెళ్లాను. వంగాను. పుదీనా వాసన, మందుల వాసన, అమ్మ వాసన. నా చెవికి ఆమె పెదవులు తగిలి ఎంత కాలమైందో.

"ఆ బాతులు," అంది గుసగుసగా. "నువ్వు చెప్పే వెళ్లావు. పొయ్యి చూడమని. నేనే మరిచిపోయాను."

మంచం అంచున కూర్చున్నాను. మాలేష్ అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. మా అందరికీ అది ముందే వచ్చేస్తుంది. పళ్లు బిగించి దాన్ని ఆపాను.

"ఎలా జరిగిందో చెప్పమ్మా," అన్నాను.

అమ్మ వార్డంతా ఒకసారి చూసి, నా చెయ్యి పట్టుకుని, మళ్లీ నా చెవి దగ్గరికి వంగింది.